గ్రంథాలయ శాస్త్రంలో ఉద్యోగావకాశాలు – మన పిల్లలు వెతకవలసిన తీరు

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పుకొనే బడిపంతులం. తెలుగులో సభలో మాట్లాడటం మాకు అంతగా అలవాటు లేదు. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, కాగితం మీద ఇంగ్లీషు – మన బ్రతుకులన్నీ ఇంతే గదా! మాటలో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించవలెను.

ఉద్యోగావకాశాల మీద ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. అన్ని ఉద్యోగాల గురించి చెప్పే శక్తి మాకు లేదు. అందుచేత ఒక్కదాన్ని గురించే చెబుతాం. అది గ్రంథాలయ శాస్త్రం, దానికే నేడు గ్రంథాలయ సమాచార శాస్త్రం అని పేరు. ఈ విషయమే ఎందుకు ఎన్నుకొన్నామంటే, ఇందులో మేము ఒక పెద్ద తప్పు చేశాం. ఆ తప్పు మీ ముందు ఒప్పుకోవలసి ఉన్నది.

మన పిల్లల చూపు ప్రస్తుతం రెండు దారుల మీదే ఉన్నది. ఒకటి డి.ఎస్సీ., రెండవది గల్ఫు. డి.ఎస్సీ. శిక్షణ అంటే మన దివిసీమలోని అవనిగడ్డ పేరు రాష్ట్రమంతా తెలుసు. ఎక్కడెక్కడి జిల్లాల వాళ్లో వచ్చి అక్కడ గదులు అద్దెకు తీసుకొని చదువుకొంటారు. మేమూ డి.ఎస్సీ. దారినే వచ్చిన వాళ్లం గనుక దాన్ని చిన్నచూపు చూడటం లేదు. కాని 2025లో వచ్చిన మెగా డి.ఎస్సీ. లెక్క చూడండి. పోస్టులు 16,347. దరఖాస్తు పెట్టిన వారు మూడు లక్షలకు పైమాటే. ఉద్యోగం దొరికినవాళ్లు పోగా మిగిలిన వారు ఏం కావాలి? మళ్లీ నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూడటమేనా? అందరూ ఒకే తలుపు దగ్గర తోసుకొంటుంటే, పక్కన చిన్న తలుపు ఏదైనా ఉన్నదేమో చూసుకోవద్దా?

ఇక మా తప్పు సంగతి. మా దగ్గర పదవ తరగతి వరకు చదివిన ఒక అమ్మాయి ఉన్నది. పేరు చెప్పము. తండ్రికి గుడివాడలో చిన్న దర్జీ దుకాణం. బందరులో నానీ ఇంట ఉండి బడి చదువు పూర్తి చేసింది, తరువాత గుడివాడ వెళ్లి డిగ్రీ చదివింది. పుస్తకమంటే ప్రాణం. ఎవరు చెప్పారో ఏమో, దూరవిద్యలో గ్రంథాలయ శాస్త్రం డిగ్రీ, అంటే బి.ఎల్.ఐ.ఎస్సీ. కూడా కట్టి పాసయింది. మిఠాయి పట్టుకొని మా ఇంటికి వచ్చి చెప్పింది. అప్పుడు మేము ఏమన్నాం? "పుస్తకాల దుమ్ము దులపడానికి డిగ్రీ ఎందుకమ్మా? హాయిగా డి.ఎస్సీ.కి కూర్చో" అన్నాం. ఆ పిల్ల నవ్వి, "సరే సార్" అని వెళ్లిపోయింది. ఆ నవ్వు అర్థం మాకు అప్పుడు తెలియలేదు.

కొన్నాళ్లకు మా స్టాఫ్ రూములో పేపరు తిరగేస్తూ ఒక ప్రకటన చూశాం. ఒక విశ్వవిద్యాలయంలో "సెమీ ప్రొఫెషనల్ అసిస్టెంట్" కావలెనని ఉన్నది. ఇదేదో ఆఫీసు గుమాస్తా ఉద్యోగం కాబోలు అనుకొని పేజీ తిప్పేశాం. మరి మూడు వారాలకు ఆ అమ్మాయి తల్లిని వెంటబెట్టుకొని వచ్చింది. "సార్, మీరు రోజూ పేపరు చూస్తారు గదా, ఫలానా ప్రకటన మీ కంట పడలేదా?" అని అడిగింది. పడిందన్నాం. "అది మా ఉద్యోగమే సార్. లైబ్రరీలో ఉద్యోగాన్ని అక్కడ ఆ పేరుతో పిలుస్తారు. నిన్నటితో గడువు అయిపోయింది" అన్నది. తల్లి మాత్రం ఒక్క మాటే అన్నది – "మీ కంట పడి కూడా మా పిల్లకు దక్కలేదు మాస్టారూ."

ఆ మాట ఇప్పటికీ మా చెవుల్లో ఉన్నది. దరఖాస్తు పెట్టినంత మాత్రాన ఉద్యోగం వచ్చేదని కాదు. పరీక్ష ఉంటుంది, పోటీ ఉంటుంది. కాని పోటీలో నిలబడే హక్కు ఆ పిల్లకు ఉన్నది. అది మా తెలియనితనం వల్ల పోయింది. ఆనాటి నుంచి ఈ విషయం ఏమిటో తెలుసుకోవాలని పూనుకొన్నాం. తెలుసుకొన్నది మీ ముందు పెడుతున్నాం.

మొదట ఒక సంగతి. గ్రంథాలయం మన ప్రాంతానికి కొత్త కాదు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలసింది. 1914 ఏప్రిల్ 10న అక్కడే ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ ఉద్యమానికి ప్రాణం పోశారు. ఆయనకు 1972లో పద్మశ్రీ బిరుదు వచ్చింది. పాతూరి నాగభూషణంగారు 1935లో పడవ మీద పుస్తకాలు పెట్టి కృష్ణ కాలువల వెంట ఊరూరా పంచారు. మనం ధాన్యం బస్తాలు ఎక్కించిన కాలువలలోనే పుస్తకాలూ ప్రయాణం చేశాయన్న మాట!

ఆ పనిలో మనవాళ్లు లేరనుకోవద్దు. కలకత్తా ఇంపీరియల్ లైబ్రరీ అంటే నేటి మన జాతీయ గ్రంథాలయం. దానికి 1930 నుంచి 1947 వరకు లైబ్రేరియన్‌గా ఉన్నవారు ఖాన్ బహదూర్ కె.ఎం. అసదుల్లాగారు. 1933లో భారత గ్రంథాలయ సంఘం ఏర్పడితే దాని తొలి కార్యదర్శి ఆయనే. 1935లో ఇంపీరియల్ లైబ్రరీలో శిక్షణా తరగతులు ప్రారంభించిందీ ఆయనే. పాట్నాలో ఖుదాబఖ్ష్‌గారి గ్రంథాలయం 1891లో ప్రజలకు తెరిచారు, 1969లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ సంస్థ అయింది. హైదరాబాదులో ఆసఫియా లైబ్రరీ కూడా 1891లోనే మొదలైంది. ఇవన్నీ గొప్పలు చెప్పుకోవడానికి చెప్పటం లేదు. పుస్తకాన్ని కాపాడి, అడిగిన వారి చేతికి అందించటం పరువుగల వృత్తి అని మన ఇళ్లలో తెలియాలని చెబుతున్నాం.

దుమ్ము దులపడం కాకపోతే ఈ శాస్త్రంలో నేర్పేది ఏమిటి? వేల పుస్తకాల్లో కావలసిన ఒక్క పుస్తకం నిమిషంలో దొరికేటట్లు అమర్చటం. ప్రతి విషయానికీ ఒక అంకె ఇస్తారు. అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ పద్ధతి ప్రకారం ఉర్దూ సాహిత్యానికి 891.439, తెలుగు సాహిత్యానికి 894.827. మన మద్రాసు లైబ్రేరియన్ ఎస్.ఆర్. రంగనాథన్‌గారు 1933లో తన సొంత పద్ధతి ప్రచురించారు, ప్రపంచమంతా దాన్ని చదువుతుంది. చదువరి సమయం వృథా కాకూడదన్నది ఆయన పెట్టిన సూత్రాలలో ఒకటి. నేడు కార్డుల స్థానంలో కంప్యూటరు వచ్చింది. న్యూజీలాండులో పుట్టిన కోహా అనే సాఫ్టువేరు ఉచితం. మన కేంద్ర ప్రభుత్వపు ఎన్.ఐ.సి. వారి ఇ-గ్రంథాలయ ఉన్నది. పుస్తకాలను, పత్రాలను స్కాను చేసి, వాటికి పేరు, కర్త, విషయం, సంవత్సరం చేర్చి, వెతికితే దొరికేటట్లు పెట్టటం కూడా ఈ వృత్తిలో భాగమే.

చదువు మెట్లు చెబుతాం. మొదటి మెట్టు సర్టిఫికెట్ కోర్సు, సి.ఎల్.ఐ.ఎస్సీ. అంటారు. కొద్ది నెలల్లో అయిపోతుంది. విజయవాడ పటమటలోని సర్వోత్తమ భవనంలో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ సంఘం వారు దీన్ని నడుపుతూ వచ్చారు. పాతూరివారు నిలబెట్టిన సంస్థ అది. రెండవ మెట్టు, ఏదైనా డిగ్రీ తరువాత ఒక సంవత్సరం బి.ఎల్.ఐ.ఎస్సీ. మూడవది, దాని పైన మరొక సంవత్సరం ఎం.ఎల్.ఐ.ఎస్సీ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, మనకు దగ్గరలో ఆచార్య నాగార్జునలో ఈ శాఖ ఉన్నది. దివిసీమ పిల్లలకు పులిగడ్డ – పెనుమూడి వంతెన వచ్చాక రేపల్లె మీదుగా గుంటూరు వైపు దారి సులువైంది. ఇల్లు విడిచి వెళ్లలేని పిల్లలకు, పనిచేసుకొంటూ చదివేవారికి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వారి దూరవిద్య ఉన్నది. దూరవిద్యలో చేరేముందు ఒక జాగ్రత్త. ఆ సంవత్సరానికి ఆ కోర్సుకు యు.జి.సి. అనుమతి ఉన్నదో లేదో చూసుకొని గాని డబ్బు కట్టకండి. గోడ మీద పోస్టరు చూసి చేరవద్దు.

బి.ఇడి. చేయని పిల్లలకు ఒక మంచి సంగతి. కేంద్రీయ విద్యాలయాల్లో లైబ్రేరియన్ పోస్టుకు డిగ్రీ, దానితో గ్రంథాలయ శాస్త్రం డిగ్రీ ఉంటే చాలు. బి.ఇడి. గాని, సి.టెట్. గాని అక్కరలేదు. 2022 డిసెంబరు ప్రకటనలో దేశం మొత్తం మీద 355 లైబ్రేరియన్ పోస్టులు చూపారు. ఏడవ వేతన సంఘపు స్కేలులో మూల వేతనం 44,900 రూపాయలతో మొదలు. కళాశాలలో, విశ్వవిద్యాలయంలో పై పోస్టు కావాలంటే ఎం.ఎల్.ఐ.ఎస్సీ.లో 55 శాతం మార్కులు, నెట్ లేదా సెట్ పరీక్ష కావాలి. నెట్ సాధారణంగా ఏడాదికి రెండుసార్లు పెడతారు. ఆ స్కేలులో మూల వేతనం 57,700తో మొదలు. కళాశాల అధ్యాపకుడికి ఎంతో, అంతే!

అయితే ఆ ఉద్యోగాలు ఎక్కడున్నాయి? బందరు నుంచే బయలుదేరి చూద్దాం.

మనం ఇంటి పన్ను కడుతున్నాం గదా. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆ పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా చేరుతుంది. ఆ డబ్బుతో జిల్లా గ్రంథాలయ సంస్థలు నడవాలని చట్టం. అంటే ఊళ్లో ఉన్న శాఖా గ్రంథాలయం మీద మనకు హక్కు ఉన్నది. అక్కడ కూర్చొని చదువుకొనే హక్కు, కావలసిన పుస్తకం తెప్పించమని అడిగే హక్కు. కాని ఉద్యోగం మాట వేరు. ఈ శాఖలో నియామకాలు ఎప్పుడో గాని జరగవు. దీని మీదే ఆశ పెట్టుకొని కూర్చోవద్దని మా సలహా.

రెండవది విద్యాసంస్థలు. బందరులో కేంద్రీయ విద్యాలయం ఉన్నది. 2008లో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చింది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. గుడివాడలో 1950 నాటి ఎ.ఎన్.ఆర్. కళాశాల ఉన్నది. గుడివాడ దారిలో గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ కళాశాల ఉన్నది. వైద్యం, ఇంజనీరింగ్, ఫార్మసీ, నర్సింగ్ – ఏ కళాశాలకైనా అనుమతి రావాలంటే గ్రంథాలయం చూపించాలి, దాన్ని చూసుకొనే మనిషిని చూపించాలి. ప్రైవేటు కళాశాలల్లో జీతం తక్కువన్నది నిజమే. కాని అక్కడ రెండేళ్లు పనిచేస్తే అనుభవ పత్రం చేతికి వస్తుంది. చాలా ప్రకటనల్లో అదే అడుగుతారు.

మూడవది, మనం ఊహించని చోట్లు. శ్రీహరికోట రాకెట్ కేంద్రం లైబ్రరీ అసిస్టెంట్లను తీసుకొంటుంది. రిజర్వు బ్యాంకు తీసుకొంటుంది. కోర్టులకు, పరిశోధనా సంస్థలకు, మ్యూజియములకు, పత్రికా కార్యాలయాలకు ఈ చదువు గలవారు కావాలి. ఊరు వదిలి వెళ్లవలసి వస్తుంది, అది ముందే మనసులో పెట్టుకోవాలి.

నాలుగవది మన వంటి వారికే ప్రత్యేకం. దయచేసి శ్రద్ధగా వినండి. గ్రంథాలయ శాస్త్రం చదివినవారు దేశంలో చాలామంది ఉన్నారు. కాని అందులో ఉర్దూ చదవగలవారు ఎందరు? ఉర్దూతో పాటు తెలుగు కూడా చదవగలవారు ఎందరు? ఉర్దూ పుస్తకం అట్ట మీద పేరు చదవలేని మనిషి దానికి జాబితా ఎట్లా వ్రాయగలడు? పాట్నాలోని ఖుదాబఖ్ష్ గ్రంథాలయం, రాంపూరులోని రజా గ్రంథాలయం, హైదరాబాదులోని సాలార్జంగ్ మ్యూజియం, అలీగఢ్‌లోని మౌలానా ఆజాద్ గ్రంథాలయం, 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం – ఇటువంటి చోట్ల ఈ భాష పనికి వస్తుంది. 2013లో మొదలైన రేఖ్తా సంస్థ లక్షకు పైగా ఉర్దూ పుస్తకాలను స్కాను చేసి అందరికీ అందుబాటులో పెట్టింది. ఒక్కొక్క పుస్తకాన్నీ ఎవరో ఒకరు చేత్తో పట్టుకొని, పేరు చదివి నమోదు చేయాలి గదా! 2025 కేంద్ర బడ్జెట్టులో జ్ఞాన భారతం పేరుతో కోటికి పైగా వ్రాతప్రతులను లెక్కించి భద్రపరిచే పథకం ప్రకటించారు. వాటిలో అరబీ, ఫార్సీ, ఉర్దూ ప్రతులు లేకుండా ఉంటాయా? మన పిల్లలు ఉర్దూ మాధ్యమంలో చదివామని నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నారు. ఈ ఒక్క వృత్తిలో అదే వారికి బలం. కాని ఒక్క ఉర్దూతో సరిపోదు. ఇంగ్లీషు కావాలి, కంప్యూటరు కావాలి.

పుస్తకాలు పోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మేము పుట్టకముందు సంగతి. పెద్దలు చెప్పగా విన్నాం. దివిసీమలో పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. ప్రాణాల ముందు కాగితాలు లెక్కలోనివి కావు, నిజమే. కాని బ్రతికి బయటపడ్డ కుటుంబాలు తరువాత పొలం పట్టా లేక, చదువు సర్టిఫికెట్ లేక, పుట్టిన తేదీకి ఆధారం లేక ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాయో నాగాయలంక, కోడూరు సభ్యులను అడగండి. హైదరాబాదులో అబ్దుస్సమద్ ఖాన్ అనే ఆయన జీవితమంతా కూడబెట్టిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు షికాగో విశ్వవిద్యాలయం తోడ్పాటుతో సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరాయి. 2000 ఆగస్టు వరదలో నీరు లోపలికి వచ్చి అవి తడిసిపోయాయి. తడిసిన వాటిని ఆరబెట్టి, దక్కినవాటిని దక్కించుకోవటానికి ఎంతో శ్రమపడవలసి వచ్చింది. నీళ్లు వచ్చే చోట బ్రతికే మనకు, కాగితాన్ని భద్రం చేసే విద్య ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ఉద్యోగం వెతకటం ఎట్లా?

గ్రంథాలయంలో కేటలాగు ఉంటుంది. అందులో "చూడుము" అని ఒక కార్డు ఉంటుంది. ఉదాహరణకు, మీరు "మసులీపట్నం" అని వెతికితే, అక్కడ "మచిలీపట్నం చూడుము" అని వ్రాసి ఉంటుంది. ఒకే వస్తువుకు నాలుగు పేర్లు ఉంటే, ఏ పేరుతో వెతికినా దారి తప్పకుండా చేసే ఏర్పాటు అది. ఉద్యోగాలకు కూడా ఈ కార్డు కావాలి. లైబ్రేరియన్ అన్న ఒక్క మాట పట్టుకొని వెతికితే సగం ఉద్యోగాలు కనబడవు. అసిస్టెంట్ లైబ్రేరియన్, లైబ్రరీ అసిస్టెంట్, ప్రొఫెషనల్ అసిస్టెంట్, సెమీ ప్రొఫెషనల్ అసిస్టెంట్, లైబ్రరీ అండ్ ఇన్ఫర్మేషన్ అసిస్టెంట్, డాక్యుమెంటేషన్ అసిస్టెంట్, కేటలాగర్, ఆర్కివిస్టు, లైబ్రరీ ట్రెయినీ – ఇవన్నీ ఈ వృత్తిలోని పేర్లే. కంపెనీల్లో అయితే రికార్డ్స్ అనో, మెటాడేటా అనో, కంటెంట్ అనో పేరు పెడతారు. పేరు చూసి పేజీ తిప్పకండి. కింద అర్హత చదవండి. అర్హతలో లైబ్రరీ సైన్సు అని ఉంటే అది మన ఉద్యోగమే. ఇది మాకు ఒక పిల్ల నేర్పిన పాఠం.

ఎక్కడ చూడాలి? ఎంప్లాయిమెంట్ న్యూస్ వారపత్రిక 1976 నుంచి వస్తున్నది. అది ఉర్దూలో కూడా వస్తుందని మన ఇళ్లలో ఎందరికి తెలుసు? ఇంగ్లీషు ప్రకటన చూసి బెదిరే తండ్రి కూడా ఉర్దూలో చదువుకొని పిల్లకు చెప్పవచ్చు. కేంద్ర ప్రభుత్వపు నేషనల్ కెరీర్ సర్వీస్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమిషన్, కేంద్రీయ విద్యాలయ సంఘటన్, నవోదయ సమితి, విశ్వవిద్యాలయాలు – వీటి సైట్లు వారానికి ఒకసారి తెరిచి చూడటం అలవాటు చేసుకోవాలి. పావుగంట పని. సినిమా కబుర్లకు పెట్టే సమయంలో పదో వంతు చాలు.

చూసింది వ్రాసిపెట్టుకోవాలి. ఒక నోటుపుస్తకం తీసుకొని గళ్లు గీయండి. పోస్టు పేరు, సంస్థ, అర్హత, వయోపరిమితి, ఆఖరు తేదీ, ఫీజు, కావలసిన పత్రాలు. ఆఖరు తేదీని ఎర్ర సిరాతో వ్రాయండి. పత్రాలు ముందే సిద్ధంగా ఉండాలి. బి.సి.-ఇ. వారైనా, బి.సి.-బి.లో ఉన్న దూదేకుల వారైనా, ఇ.డబ్ల్యు.ఎస్. వారైనా ధృవపత్రాలు ముందుగా తీసుకోండి. రాష్ట్ర జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో ఉండవు. ఏ ఉద్యోగానికి ఏ పత్రం చెల్లుతుందో చూసుకోవాలి. పదో తరగతి సర్టిఫికెట్లో పేరు ఒక రకం, ఆధార్‌లో ఒక రకం ఉండటం మన పిల్లల్లో చాలా ఎక్కువ. షేక్ అని ఒకచోట, ఎస్.కె. అని ఒకచోట, ఒకచోట అసలు లేకుండా! ఆ తేడాలు ఆఖరు రోజున కాక ఈరోజే సరిచేసుకోండి. ఇది బడిపంతులుగా మేము రోజూ చూస్తున్న బాధ.

మరొక పక్క కూడా చెప్పాలి. ఇందులో ఉద్యోగాలు కుప్పలు తెప్పలుగా లేవు. చాలాచోట్ల కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతి వచ్చింది. కంప్యూటరు వచ్చాక నలుగురి పని ఇద్దరు చేస్తున్నారు. డబ్బు తీసుకొని ఉద్యోగం ఇప్పిస్తామని చెప్పే దళారులు ఈ రంగంలోనూ ఉంటారు. వారిని గుమ్మం ఎక్కనివ్వకండి. కనుక డిగ్రీలో ఏ విషయం చదివినా దాన్ని వదలకుండా, ఈ ఒక్క సంవత్సరం చదువును అదనపు బలంగా పెట్టుకోవాలన్నది మా ఉద్దేశం. డి.ఎస్సీ.కి చదివే పిల్ల ఇది కూడా చదివి ఉంటే రెండు కాళ్ల మీద నిలబడినట్లు. ఒక కాలు మీద ఎన్నాళ్లు నిలబడగలం?

తల్లిదండ్రులతో ఒక మాట. ఆడపిల్లలకు ఇది అనుకూలమైన ఉద్యోగం అని మనం సులువుగా అంటాం. కాని కేంద్ర విద్యాలయంలో ఉద్యోగం వస్తే దేశంలో ఎక్కడికైనా వేయవచ్చు. "అంత దూరమా, వద్దులే" అని వచ్చిన ఉద్యోగాన్ని వదిలించే ఇళ్లు మనకు తెలుసు. ఫీజు కట్టేముందే ఆ మాట ఇంట్లో తేల్చుకోండి. చదివించి, పరీక్ష వ్రాయించి, ఆఖరున గుమ్మం దగ్గర ఆపటం ఆ పిల్లకు చేసే అన్యాయం.

మన సంఘానికి మేము మూడు విన్నపాలు చేస్తున్నాం. మొదటిది, బందరులో ఒకరు, గుడివాడలో ఒకరు, అవనిగడ్డలో ఒకరు బాధ్యత తీసుకొని ఉద్యోగ ప్రకటనల రిజిస్టరు పెట్టాలి. ఆదివారం ఆదివారం దాన్ని చదివి, ఏ పిల్లకు ఏది సరిపోతుందో ఆ ఇంటికి కబురు చేయాలి. ఫోనులో పంపి ఊరుకోవద్దు, ఫోనులో వచ్చింది ఫోనులోనే పోతుంది. బందరు రిజిస్టరు మేము చూసుకొంటామని ఈ సభలో మాట ఇస్తున్నాం. రెండవది, బి.ఎల్.ఐ.ఎస్సీ. ఫీజు కట్టలేని ఒకరిద్దరు పిల్లలకు ఏటా సంఘం నిధి నుంచి చేబదులు ఇవ్వాలి. ఉద్యోగం వచ్చాక వారు తిరిగి కడితే ఇంకొకరికి పనికొస్తుంది. మూడవది, సంఘం గదిలో ఒక చిన్న పఠనశాల తెరవాలి. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలోనే మొదలుపెడితే బాగుంటుంది.

పఠనశాలకు పుస్తకాలు ఎక్కడివి అంటారా? మా బడిలో ఒక ఇనుప బీరువా ఉండేది. తాళం చెవి పోయి ఏళ్లయింది. దానిలో ఉర్దూ పుస్తకాలు ఉన్నాయని అందరికీ తెలుసు, ఏమున్నాయో ఎవరికీ తెలియదు. క్రిందటి ఎండాకాలం సెలవుల్లో మేము చెప్పిన ఆ అమ్మాయి వచ్చి, తాళం పగలగొట్టించి, పది రోజులు కూర్చొని నాలుగు వందల చిల్లర పుస్తకాలు బయటికి తీసింది. చెదలు తిన్నవి వేరు చేసింది. మిగిలిన ప్రతి పుస్తకానికీ అంకె వేసి, పేరు ఉర్దూలోనూ తెలుగులోనూ వ్రాసి జాబితా కట్టింది. ఇప్పుడు ఆరో తరగతి పిల్లవాడు కూడా వచ్చి తనకు కావలసిన పుస్తకం తానే తీసుకొంటున్నాడు. దుమ్ము దులపడమని మేము ఎగతాళి చేసిన పని అదీ!

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక ప్రైవేటు కళాశాల గ్రంథాలయంలో తక్కువ జీతానికి పనిచేస్తూ ఎం.ఎల్.ఐ.ఎస్సీ. పూర్తి చేసి నెట్ పరీక్షకు చదువుతున్నది. ఇంకా పెద్ద ఉద్యోగం రాలేదు. వస్తుందని మేము చెప్పలేము. కాని ఈసారి ప్రకటన వచ్చినప్పుడు అది మా కంట పడి, ఆ పిల్ల చేతికి చేరకుండా పోదు. అంతవరకు మాత్రం మా పూచీ.